ఎవరి కథ, ఎవరి కెమెరా? – దీపా ధన్‌రాజ్, యుగాంతర్ చిత్రాలు

డాక్యుమెంటరీ అన్న మాట వినగానే నా వయసువారికి మొదట గుర్తుకు వచ్చేది మన ఊళ్ళ సినిమాహాలే. అసలు సినిమా మొదలయ్యే ముందు ఫిల్మ్స్ డివిజన్ వారి వార్తాచిత్రం పడేది. ఆనకట్టలు, ఉక్కు కర్మాగారాలు, వరద బాధితులను పరామర్శించే మంత్రులు, టీకాలు వేయించుకునే పిల్లలు. వీటన్నిటి వెనుక గంభీరమైన ఒకే గొంతు. తెరమీద కనిపించే రైతు గాని, కూలిమనిషి గాని నోరు విప్పి ఒక్క మాట అనేవారు కారు. వారి తరఫున ఆ గొంతే అంతా చెప్పేది. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ చిత్రాలను ప్రతి ఆటకూ ముందు వేయడం హాలు యజమానులకు తప్పనిసరి నిబంధన. దేశంలో డాక్యుమెంటరీ అంటే ప్రభుత్వ ప్రకటన అనే అభిప్రాయం సామాన్య ప్రేక్షకునిలో స్థిరపడటానికి ఇంతకన్న కారణం అక్కర్లేదు.

ఆ అభిప్రాయాన్ని కదిలించిన ప్రయత్నాలు 1970లలో మొదలయ్యాయి. ఆనంద్ పట్వర్ధన్ 1974లో బీహారు ఉద్యమం మీద, 1978లో రాజకీయ ఖైదీల మీద తీసిన చిత్రాలు ఈ దారిలో తొలి అడుగులు. అత్యవసర పరిస్థితి ముగిశాక దేశమంతటా పౌరహక్కుల సంఘాలు, మహిళా సంఘాలు, కార్మిక సంఘాలు కొత్త బలంతో తలెత్తాయి. వాటి పక్కనే నిలబడి, ఆ మనుషుల మాటను వారి గొంతుతోనే వినిపించాలన్న కోరికతో కొందరు యువతీయువకులు కెమెరా పట్టారు. వారిలో ముఖ్యురాలు దీపా ధన్‌రాజ్. 1953లో హైదరాబాదులో పుట్టి, బెంగుళూరు కేంద్రంగా నాలుగు దశాబ్దాలకు పైగా పనిచేసిన ఈ దర్శక నిర్మాత పేరు చిత్రోత్సవాలకు వెళ్ళేవారికి, స్త్రీవాద అధ్యయనాలు చేసేవారికి సుపరిచితం. సాధారణ తెలుగు పాఠకునికి మాత్రం అంతగా తెలియదు. ఆమె చిత్రాలలో కనీసం నాలుగు మన నేలకూ మన మనుషులకూ నేరుగా సంబంధించినవి. ఆ చిత్రాలు ఎలా తయారయ్యాయి, ఒక చిన్న బృందం, ఆ తరువాత ఒక చిన్న సంస్థ వాటిని ఎలా నిలబెట్టాయి, ఖైతాన్ వంటి చోట బతుకుతున్న తెలుగువారికి వాటితో పనేమిటి అన్నవి ఈ వ్యాసంలో పరిశీలిస్తాను.

నలుగురు, ఒక కెమెరా

యుగాంతర్ 1980లో బెంగుళూరులో ఏర్పడింది. ఆభా భయ్యా, దీపా ధన్‌రాజ్, మీరా రావు, నవ్రోజ్ కాంట్రాక్టర్ దాని వ్యవస్థాపకులు. ముగ్గురు స్త్రీలూ మహిళా ఉద్యమంతో సంబంధం ఉన్నవారు. నవ్రోజ్ ఛాయాగ్రాహకుడు, మణి కౌల్ తీసిన ‘దువిధా’ (1973) చిత్రానికి కెమెరా పట్టినవాడు. భారతదేశంలో తొలి స్త్రీవాద చలనచిత్ర బృందంగా యుగాంతర్‌ను చరిత్రకారులు పేర్కొంటారు. బృందం చురుకుగా ఉన్నది మూడేళ్ళే. ఆ కాలంలో నాలుగు చిత్రాలు తీశారు: ‘మోల్కరీణ్’ (1981), ‘తంబాకు చాకిల ఊబ్ ఆలి’ (1982), ‘ఇది కథ మాత్రమేనా?’ (1983), ‘సుదేశ’ (1983). మొదటిది మరాఠీలో పుణె నగరపు ఇంటి పనివారి గురించి. రెండవది నిపాణిలోని పొగాకు కార్మిక స్త్రీల గురించి. మూడవది తెలుగులో, హైదరాబాదులో తీసినది. నాలుగవది చిప్కో ఉద్యమంలో పాల్గొన్న ఒక హిమాలయ గ్రామీణ స్త్రీ గురించి. ఏ ఒక్కటీ అరగంట దాటదు.

చిత్రాలు ఇంత చిన్నవి కావడానికి ఆ రోజుల ఖర్చు కూడా ఒక కారణమని ఊహించవచ్చు. చేతిలోని ఫోనుతో గంటల తరబడి చిత్రీకరించే ఈ కాలంలో ఆ లెక్క కొంచెం వివరించాలి. వారు వాడినది పదహారు మిల్లీమీటర్ల ఫిల్ము. సెకనుకు 24 చట్రాల చొప్పున నడిస్తే నిమిషానికి 36 అడుగులు ఖర్చవుతుంది. 400 అడుగుల చుట్ట పదకొండు నిమిషాలకు అయిపోతుంది. ఇరవై అయిదు నిమిషాల చిత్రానికి చివరకు 900 అడుగులు కావాలి. తీసినదానిలో నాలుగో వంతే పనికివస్తుందనుకున్నా తొమ్మిది, పది చుట్టలు కొనవలసిందే. తరువాత ప్రయోగశాలలో కడగడానికి, ప్రతులు తీయడానికి, శబ్దం విడిగా ముద్రించి బొమ్మతో జతచేయడానికి అయ్యే ఖర్చు వేరు. వాణిజ్య నిర్మాతకు ఈ ఖర్చు టిక్కెట్ల మీద తిరిగి వస్తుంది. పనిమనుషుల గురించి తీసిన సినిమాకు టిక్కెట్టు కొనేదెవరు?

కెమెరా మీట నొక్కిన ప్రతి క్షణానికీ వెల ఉన్నప్పుడు, నొక్కేముందు ఏమి తీయాలో నిర్ణయించుకోవాలి. యుగాంతర్ బృందం ఆ నిర్ణయాన్ని తాము మాత్రమే తీసుకోలేదు. చిత్రంలో కనబడబోయే స్త్రీలతో నెలల తరబడి కూర్చుని, వారి సభలకు వెళ్ళి, ఏ సంఘటన ముఖ్యమో, దాన్ని ఎలా చూపాలో వారితోనే చర్చించారు. జరిగిపోయిన ఘట్టాలను ఆ స్త్రీలే మళ్ళీ నటించి చూపారు. నిజజీవిత చిత్రంలో నటన ఏమిటన్న అభ్యంతరం వెంటనే రావచ్చు. సమ్మె మొదలైన రోజున కెమెరా అక్కడ లేదు. ఉండే అవకాశమూ లేదు. ఆ రోజు ఏమి జరిగిందో తెలిసినవారు ఆ స్త్రీలే. తమకు జరిగినదాన్ని తామే మళ్ళీ చేసి చూపడం అబద్ధం కాదు, సాక్ష్యం.

వైద్యవృత్తిలో మేము రోగి చరిత్ర అడిగి రాసుకోవడం నేర్చుకుంటాం. “నొప్పి కుడివైపేనా?” అని అడిగితే చాలామంది అవుననే అంటారు. “ఏమయిందో చెప్పమ్మా” అని ఊరుకుంటే వేరే విషయం బయటపడుతుంది. మొదటి ప్రశ్నలో వైద్యుడి అంచనా ఉంది, రెండవదానిలో రోగి అనుభవం ఉంది. పాత వార్తాచిత్రాల గొంతు మొదటి రకం. యుగాంతర్ రెండవ రకాన్ని ఎంచుకుంది. దానికి కావలసినది ఓపిక. ఓపికకు కావలసినది సమయం. సమయానికి కూడా డబ్బు కావాలి కాబట్టి, చిన్న బృందాలకు అన్నిటికన్నా కష్టంగా దొరికే సరుకు అదే.

పుణె పనివారు, నిపాణి కార్మికులు

1980లో పుణె నగరంలో ఇళ్ళలో పనిచేసే స్త్రీలు సమ్మెకు దిగారు. ఒక ఫ్యాక్టరీలో వెయ్యిమంది ఒకే కప్పు కింద పనిచేస్తారు. కాబట్టి సంఘం పెట్టుకోవడానికి ఒక చోటు ఉంటుంది. ఇంటి పనిమనిషికి ఆ వసతి లేదు. ఒక్కొక్క ఇంటికీ ఒక్కొక్క యజమానురాలు, ఒక్కొక్క జీతం, ఒక్కొక్క రకం తిట్టు. జబ్బుచేసి రెండు రోజులు రాకపోతే మూడోరోజుకు ఆ ఇంట్లో వేరొకరు గిన్నెలు తోముతూ కనిపిస్తారు. ఇటువంటివారు వీధి వీధికీ మాట్లాడుకుని, పనులు ఆపి, జీతాల గురించీ సెలవుల గురించీ బేరమాడగలిగే స్థితికి రావడం మామూలు విషయం కాదు. ‘మోల్కరీణ్’ చూపినది ఈ ప్రయాణాన్నే. జాలి గొలిపే ఒక అభాగ్యురాలిని తీసుకుని ఆమె కన్నీటిని చూపడం ఈ చిత్రం పని కాదు. పదిమంది కలిసి కూర్చుని ఎవరికెంత ఇస్తున్నారో లెక్క చెప్పుకోవడం, ఆ లెక్కలో తేడాలు చూసి ఆశ్చర్యపోవడం, ఆ ఆశ్చర్యం నుంచి ఒక డిమాండు పుట్టడం దీని కథ. ఆ తరువాత ఈ చిత్రాన్ని ఇతర ప్రాంతాల పనివారి మధ్య ప్రదర్శించారు. హాలు లేదు, టిక్కెట్టు లేదు. ప్రొజెక్టరు మోసుకెళ్ళి, తెర కట్టి, చూపించి, తరువాత కూర్చుని మాట్లాడుకోవడం. చిత్రం ముగిశాక మొదలయ్యే ఆ మాటలే ఆ ప్రదర్శనకు ప్రయోజనం.

నిపాణి బెళగావి జిల్లాలో, మహారాష్ట్ర సరిహద్దున ఉన్న ఊరు. బీడీలకు వాడే పొగాకును శుద్ధిచేసే కర్మాగారాలలో అక్కడ వేలాది స్త్రీలు పనిచేసేవారు. గుంటూరు, చీరాల, ఒంగోలు ప్రాంతాల పొగాకు గ్రేడింగు చూసినవారికి ఆ వాతావరణం వేరే చెప్పనక్కరలేదు. గాలిలో తేలే సన్నని పొడి కళ్ళలో, ముక్కులో, ఊపిరితిత్తులలో చేరుతుంది. నికొటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. తలతిరుగుడు, వాంతి, విడవని దగ్గు ఆ పనిలో భాగమైపోతాయి. ‘తంబాకు చాకిల ఊబ్ ఆలి’ చిత్రం కర్మాగారంలోనికి వెళ్ళి ఆ పొడిని చూపింది. అయితే జబ్బు దగ్గర ఆగిపోలేదు. ఆ స్త్రీలు సంఘంగా ఎలా ఏర్పడ్డారు, యజమానిని ఎలా నిలదీశారు, పనిచోట ఎదురైన అవమానాలను బయటికి ఎలా చెప్పారు అన్నవి వారి మాటలలోనే వింటాం. వృత్తిజన్య వ్యాధుల పాఠ్యపుస్తకంలో పొగాకు కార్మికుల గురించి నాలుగు వాక్యాలు ఉంటాయి. ఆ నాలుగు వాక్యాలలో లేని మనిషి ఈ చిత్రంలో ఉంటుంది.

ఒక తెలుగు చిత్రం

‘ఇది కథ మాత్రమేనా?’ పుట్టుక వేరు. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన సభ్యులతో కలిసి యుగాంతర్ తీసిన చిత్రమిది. తెలంగాణ సాయుధపోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను ‘మనకు తెలియని మన చరిత్ర’ (1986) అన్న పుస్తకంగా తెచ్చినదీ, స్త్రీల ఆరోగ్యం గురించి తెలుగులో ‘సవాలక్ష సందేహాలు’ అన్న పుస్తకాన్ని అందించినదీ ఈ సంఘమే. ఇంటి లోపల భర్త పెట్టే హింస గురించి చిత్రం తీయాలనుకున్నప్పుడు వారికి ఒక చిక్కు ఎదురైంది. సమ్మె వీధిలో జరుగుతుంది. కాపురం తలుపుల వెనుక జరుగుతుంది. అక్కడికి కెమెరా వెళ్ళలేదు. వెళ్ళినా, ముఖం చూపి చెప్పిన స్త్రీ ఆ రాత్రి తిరిగి అదే ఇంటికి పోవాలి.

అందుకని కథను ఆశ్రయించారు. సంఘం సభ్యులు తమకు తెలిసిన, తాము విన్న అనుభవాలను కలబోసి ఒక మధ్యతరగతి వివాహిత కథగా కూర్చి, దాన్ని తామే నటించారు. కొట్టడం ఒక్కటే హింస కాదనీ, మాటలతో, మౌనంతో, డబ్బు చేతికివ్వకపోవడంతో, ఒంటరిని చేయడంతో మనిషిని కృంగదీయవచ్చుననీ ఇరవై అయిదు నిమిషాలలో చూపారు. చుట్టూ చెప్పుకోదగ్గ స్నేహితురాలు ఒక్కరున్నా ఆ స్త్రీకి దక్కే ఊపిరి ఎంతటిదో కూడా చూపారు. ఈ చిత్రం వచ్చిన 1983లోనే భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని నేరంగా పరిగణించే 498-ఎ సెక్షను భారత శిక్షాస్మృతిలో చేరింది. మానసిక, ఆర్థిక హింసలను కూడా స్పష్టంగా గుర్తించిన గృహహింస చట్టం రావడానికి 2005 దాకా ఆగవలసి వచ్చింది. చట్టం గుర్తించడానికి ఇరవై రెండేళ్ళ ముందే ఈ చిత్రంలో ఆ హింసకు తెలుగు మాటలు దొరికాయి.

పేరులోని ప్రశ్నలోనే చిత్రం జవాబు ఉంది. పేరు మార్చి, ఊరు మార్చి చెప్పినా చూసిన ప్రతివారికీ తెలిసిన ఇల్లు ఒకటి గుర్తుకు వస్తుంది. మా వృత్తిలో దీనికి దగ్గర పోలిక ఉంది. నడుము నొప్పి, తలనొప్పి, నిద్రపట్టకపోవడం వంటి ఫిర్యాదులతో పదే పదే వచ్చే స్త్రీల పరీక్షలన్నీ మామూలుగానే వస్తాయి. వారి కాగితాల మీద ‘ఏమీ లేదు’ అని రాసి పంపడం తేలిక. ఆ ‘ఏమీ లేదు’ వెనుక ఏముందో అడగడం వైద్య కళాశాలల కన్న ముందు మహిళా సంఘాలు నేర్చుకున్నాయి.

బృందం నుంచి సంస్థకు

యుగాంతర్ తరువాత దీపా ధన్‌రాజ్, నవ్రోజ్ కాంట్రాక్టర్ కలిసి పని కొనసాగించారు. 1984లో హైదరాబాదు పాతబస్తీలో జరిగిన మతకల్లోలాల నేపథ్యంలో తీసిన ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ (1986) వారి తొలి పూర్తినిడివి డాక్యుమెంటరీ. హైదరాబాద్ ఏక్తా అనే పౌరసంఘం ఈ పనిలో భాగస్వామి. ఊరేగింపుల ఆర్భాటాన్నీ, నాయకుల ఉపన్యాసాలనూ, కర్ఫ్యూలో కూలి దొరకని ఇళ్ళ ఆకలినీ పక్కపక్కన చూపి, కల్లోలం దానంతట అది పుట్టదనీ, దాని వెనుక రాజకీయ లెక్కలుంటాయనీ నిరూపించే ప్రయత్నం అది. 1980ల హైదరాబాదు వీధులను అంత దగ్గరగా చూపిన చిత్రాలు చాలా అరుదు.

దీని తరువాత వచ్చిన చిత్రాలలో కొన్నిటికి నిర్మాణ సంస్థగా డి అండ్ ఎన్ ప్రొడక్షన్స్ పేరు కనిపిస్తుంది. ఇటువంటి చిన్న సంస్థ అంటే ఏమిటో వాణిజ్య సినిమా అలవాటైనవారికి ఊహించడం కష్టం. పెద్ద కార్యాలయం ఉండదు, నెలజీతాల సిబ్బంది ఉండరు. ఒకటి రెండు గదులు, సొంతవో అద్దెవో పరికరాలు, ఒక్కొక్క చిత్రానికి కూడే నలుగురైదుగురు మనుషులు. నిర్మాత అంటే డబ్బు పెట్టేవారని తెలుగులో అర్థం. ఇక్కడ నిర్మాత అంటే డబ్బు అడిగేవారు. విదేశీ టెలివిజన్ చానెలుకు ప్రతిపాదన రాయడం, ధర్మసంస్థకు లెక్కలు చూపడం, అనుమతుల కోసం తిరగడం, చిత్రం పూర్తయ్యాక ప్రతులు పంపడం అన్నీ ఆమె పనులే. డబ్బు ఇచ్చినవారి కోరికకూ, తెరమీద కనిపించేవారి నమ్మకానికీ నడుమ నిలబడి రెండవదానిని కాపాడటం వీటన్నిటికన్నా కష్టమైన పని. 1982లో బ్రిటన్‌లో మొదలైన చానెల్ ఫోర్ తన కార్యక్రమాలను స్వతంత్ర నిర్మాతల చేతనే చేయించే పద్ధతి పెట్టుకున్నందువల్ల మనవంటి దేశాల చిన్న సంస్థలకు కూడా ఒక తలుపు తెరుచుకుంది. దీపా ధన్‌రాజ్ చిత్రాలలో వైద్యులు తప్పక చూడవలసిన చిత్రం ఆ తలుపు గుండానే వచ్చింది.

యుద్ధం వంటిది

‘సమ్‌థింగ్ లైక్ ఎ వార్’ (1991) భారత కుటుంబ నియంత్రణ కార్యక్రమం మీద తీసిన 52 నిమిషాల చిత్రం. పేరుకు ‘యుద్ధం వంటిది’ అని అర్థం చెప్పుకోవచ్చు. ప్రభుత్వ స్థాయిలో ఇటువంటి కార్యక్రమాన్ని 1952లోనే ప్రారంభించిన దేశం మనది. అత్యవసర పరిస్థితిలో, 1976-77 సంవత్సరంలో, ఎనభై లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగాయి. వాటిలో అత్యధికం పురుషులకు చేసిన వేసెక్టమీలు. దానిమీద వచ్చిన ప్రజాగ్రహం 1977 ఎన్నికలలో కనబడింది. ఆ తరువాత ప్రభుత్వాలు లక్ష్యాలను వదలలేదు, శస్త్రచికిత్సను పురుషుల నుంచి స్త్రీల వైపు మళ్ళించాయి. ఓటు వేసే మగవాడికి కోపం తెప్పించడం కన్న మాట పెగలని స్త్రీని శిబిరానికి తీసుకురావడం తేలిక. లాపరోస్కోపు రావడంతో ఆ పనికి వేగం కూడా తోడైంది.

ఈ చిత్రంలో ఒక శిబిరం కనిపిస్తుంది. వరుసగా స్త్రీలు, ఒకరి తరువాత ఒకరికి క్షణాలలో ముగిసే శస్త్రచికిత్స, తన వేగాన్ని అంకెలలో చెప్పుకుని గర్వపడే వైద్యుడు. మరొకవైపు కొందరు గ్రామీణ స్త్రీలు నేలమీద గుండ్రంగా కూర్చుని స్త్రీ శరీరాన్ని బొమ్మ గీసి, రుతుస్రావం గురించి, కోరిక గురించి, బిడ్డలు కావాలనుకోవడం గురించి నవ్వుతూ, వాదించుకుంటూ మాట్లాడుకుంటారు. దర్శకురాలు ఈ రెంటినీ పక్కపక్కన ఉంచింది. శిబిరంలోని స్త్రీకి శరీరం ఉంది గాని మాట లేదు. బొమ్మ గీసే స్త్రీకి రెండూ ఉన్నాయి. ఏ వ్యాఖ్యాతా వచ్చి ఈ సంగతి చెప్పడు. చూసేవారికే అర్థమవుతుంది.

తెలుగు నేలకు ఈ చర్చ కొత్తది కాదు. 1985లో మెదక్ జిల్లా పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షను పరీక్షల కోసం స్త్రీలను చేర్చుకున్నారు. అది ప్రయోగమన్న సంగతి వారికి సరిగా చెప్పలేదని తెలుసుకున్న స్త్రీశక్తి సంఘటన, ఇతర సంఘాలతో, వైద్యులతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ‘తెలిసి ఇచ్చే సమ్మతి’ అని ఈనాడు మేము ప్రతి పత్రం మీదా సంతకం తీసుకునే భావన మన దేశంలో కోర్టుగుమ్మం ఎక్కిన తొలి సందర్భాలలో అది ఒకటి.

ఈ చిత్రం పాతబడి ఉంటే బాగుండేది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక శిబిరంలో ఒకే శస్త్రవైద్యుడు కొద్ది గంటలలో 83 మంది స్త్రీలకు శస్త్రచికిత్స చేశాడు. వారిలో 13 మంది చనిపోయారు. 2016 సెప్టెంబరులో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఇటువంటి శిబిరాలను మూడేళ్ళలోగా మాన్పించాలని ఆదేశించింది. 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకేరోజు 34 మందికి లాపరోస్కోపు పద్ధతిలో ఆపరేషన్లు చేయగా నలుగురు మరణించారు. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సంతానం కలిగే వయసులోని వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. పురుషుల వాటా ఒక శాతానికి కూడా చేరదు. పురుషుని శస్త్రచికిత్స తేలికైనది, పొట్ట తెరవనక్కరలేనిది, ప్రమాదం తక్కువైనది అని ప్రతి వైద్య విద్యార్థికీ తెలుసు. తెలిసిన శాస్త్రానికీ జరిగే ఆచరణకూ మధ్య ఇంత దూరం ఎందుకున్నదో ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు. ముప్పై ఏళ్ళ క్రిందటి ఈ డాక్యుమెంటరీ చెబుతుంది.

తరువాతి చిత్రాలు, మిగిలిన ప్రతులు

ఆ తరువాత కూడా ఆమె చిత్రాలు ఆగలేదు. పౌరహక్కుల న్యాయవాది కె.జి. కన్నబిరాన్ జీవితం, వాదనలపై ‘ది అడ్వకేట్’ (2007), తమిళనాడులో ముస్లిం స్త్రీలు తమకంటూ ఏర్పరచుకున్న జమాత్ గురించి ‘ఇన్వోకింగ్ జస్టిస్’ (2011), హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల 2016 జనవరి 17న మరణించిన తరువాత లేచిన విద్యార్థి ఉద్యమంపై ‘వి హావ్ నాట్ కమ్ హియర్ టు డై’ (2018) వచ్చాయి. విషయాలు వేరు, పద్ధతి ఒకటే. న్యాయం కోసం గుమిగూడిన మనుషులు తమలో తాము మాట్లాడుకుంటూ ఉంటారు. కెమెరా ఆ గుంపులో ఒక చోట కూర్చుని వింటుంది.

ఇటువంటి చిత్రాలకు ఉన్న పెద్ద ముప్పు నిషేధం ఒక్కటే కాదు. ఫిల్ము మెల్లగా పాడైపోతుంది. పెద్ద నిర్మాణ సంస్థల నెగెటివులకే దిక్కులేని దేశంలో నాలుగు చిన్న చిత్రాల ప్రతులను ఎవరు కాపాడతారు? యుగాంతర్ చిత్రాల విషయంలో ఆ పని బెర్లిన్‌లోని ఆర్సెనల్ అనే చలనచిత్ర సంస్థ చేసింది. లండన్‌లో బోధించే పరిశోధకురాలు నికోల్ వోల్ఫ్ దీనికి తోడ్పడింది. ముందుగా ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ ప్రతిని పునరుద్ధరించి 2013 బెర్లిన్ చిత్రోత్సవంలో చూపారు. తరువాత యుగాంతర్ చిత్రాలు కూడా డిజిటల్ రూపంలోకి మారి కొత్త తరానికి అందాయి. ఛాయాగ్రాహకుడు నవ్రోజ్ కాంట్రాక్టర్ 2023లో రోడ్డు ప్రమాదంలో మరణించే నాటికి ఆయన పదహారు మిల్లీమీటర్ల ఫిల్ముపై తీసిన దృశ్యాలు సురక్షితంగా ఉన్నాయి. హైదరాబాదు చరిత్రను చూడటానికి బెర్లిన్ దాకా వెళ్ళవలసి రావడంలో మనకు ఒక పాఠం ఉంది. రాష్ట్ర ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు, విదేశాలలోని తెలుగు సంఘాలు పండుగ సభలకు పెట్టే ఖర్చులో ఒక చిన్న వంతు ఇటువంటి భద్రతకు సరిపోతుంది.

ఖైతాన్‌లో ఈ చిత్రాలు

ఖైతాన్ కువైట్ విమానాశ్రయానికి దగ్గరలో, ఫర్వానియా గవర్నరేటులో ఉన్న ప్రాంతం. వలస కార్మికులు కిక్కిరిసి ఉండే చోట్లలో ఒకటి. కడప, రాయచోటి, రాజంపేట, గోదావరి జిల్లాల మాట ఇక్కడి దుకాణాల ముందు ఎప్పుడూ వినబడుతుంది. ఇక్కడి తెలుగు స్త్రీలలో అత్యధికులు ఇళ్ళలో పనిచేయడానికి వచ్చినవారు. ఊళ్ళో వారిని ‘కువైటుకు పోయినామె’ అంటారు, ఇక్కడ ‘ఖద్దామా’ అంటారు. కఫీల్, అకామా, ఆజాద్ వీసా అన్న అరబ్బీ మాటలు అక్షరం రాని తల్లుల నోట కూడా తెలుగు మాటల్లా పలుకుతాయి.

ఇంటి పనివారి కోసం కువైట్ 2015లో ప్రత్యేక చట్టం, 68వ నంబరుది, తెచ్చింది. రోజుకు పన్నెండు గంటలకు మించని పని, వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి నెలరోజుల జీతంతో కూడిన సెలవు, పని ముగిశాక ఇవ్వవలసిన పరిహారం అందులో ఉన్నాయి. 2016లో కనీస వేతనం 60 దీనార్లుగా నిర్ణయించారు. గల్ఫ్ దేశాలలో ఇది ముందడుగేనని ఒప్పుకోవాలి. అయితే ఆ హక్కులు ఒక్కొక్క ఇంటి గోడల లోపల అమలు కావాలి. సంఘం పెట్టుకునే హక్కు వీరికి లేదు. యజమాని అనుమతి లేకుండా ఇల్లు వదిలితే ‘పారిపోయిన మనిషి’ అన్న ఫిర్యాదు పడవచ్చు. ఇంటి పనివారి గౌరవప్రదమైన పని కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒడంబడికను కువైట్ గాని, భారతదేశం గాని ఇంకా ధ్రువీకరించలేదు.

ఇప్పుడు ప్రతి పనిమనిషి చేతిలోనూ కెమెరా ఉంది. 1981లో పదకొండు నిమిషాల చుట్టకు లెక్క చూసుకున్న బృందం ఊహించలేనంత తేలికగా చిత్రాలు తీయవచ్చు. ఆ కెమెరా నుంచి మనకు వచ్చే దృశ్యాలు దాదాపు అన్నీ ఒకే రకంవి. గదిలో తలుపు వేసుకుని, గొంతు తగ్గించి, “నన్ను కాపాడండి సారూ” అని ఏడుస్తూ ఏ మంత్రినో వేడుకునే స్త్రీ. ఆ వీడియో చేతులు మారి, వార్తలకెక్కి, అదృష్టముంటే ఆమె విమానమెక్కుతుంది. ఒక ప్రాణం దక్కుతుంది కాబట్టి దాన్ని తక్కువ చేయడానికి లేదు. మలయాళంలో కమల్ తీసిన ‘ఖద్దామా’ (2011) వంటి కథాచిత్రాలు కూడా ఈ ఒంటరి బాధితురాలినే చూపి మన మనసు కరిగించాయి.

‘మోల్కరీణ్’ పక్కన పెట్టి చూస్తే ఈ దృశ్యాలలో లేనిదేమిటో తెలుస్తుంది. ఇక్కడ ఒక స్త్రీ పైవారితో మాట్లాడుతుంది. అక్కడ స్త్రీలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. ఎవరికి ఎన్ని దీనార్లు ఇస్తున్నారు, ఎవరికి శుక్రవారం సెలవు దొరుకుతున్నది, ఎవరి పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉంది, ఏ ఏజెంటు ఎంత గుంజాడు అన్న లెక్కలు పదిమంది కలిసి చెప్పుకున్నప్పుడు అది ఒకరి దురదృష్టంగా మిగలదు, అందరి పరిస్థితిగా మారుతుంది. చట్టం ఇచ్చిన సెలవు తనకూ వర్తిస్తుందని చాలామందికి తెలిసేది పక్కింటి ఆమెకు దొరికిందని విన్నప్పుడే.

అటువంటి చిత్రం ఇక్కడ తీయడం ఎంత కష్టమో ఈ దేశంలో ఉన్నవారికి తెలుసు. యజమాని ఇంట్లోకి కెమెరా వెళ్ళదు. ముఖం కనబడితే ఉద్యోగం పోతుంది, అకామా పోతుంది. బహిరంగంగా చిత్రీకరించడానికి అనుమతులు కావాలి. అయినా దారులున్నాయి, అవి 1983లోనే హైదరాబాదు స్త్రీలు చూపినవే. అనుభవాలను కలిపి కథగా మార్చుకోవచ్చు. పేర్లు, ముఖాలు మార్చి, తిరిగి వచ్చేసినవారు రాయచోటిలోనో రాజోలులోనో నటించవచ్చు. గొంతులు మాత్రమే వినిపించవచ్చు. తీసినదాన్ని మొదట ఎవరు చూడాలన్నది అసలు ప్రశ్న. దీపా ధన్‌రాజ్ వంటి నిర్మాతల పని చూశాక నాకు తోచే జవాబు ఒకటే: కువైటుకు పోవడానికి పాస్‌పోర్టు చేయించుకుంటున్న స్త్రీ మొదట చూడాలి. చిత్రోత్సవాలూ, మనబోటి పాఠకులూ ఆ తరువాత.

విదేశాలలో స్థిరపడిన తెలుగువారు వాణిజ్య సినిమాలకు పెట్టుబడులు పెడుతున్నారు, పంపిణీ చేస్తున్నారు, తారలను సభలకు పిలుస్తున్నారు. వారిలో పదిమంది కలిస్తే ఇటువంటి అరగంట చిత్రానికి కావలసిన డబ్బు సమకూరుతుంది. ఆ డబ్బుతో పాటు నిర్మాతకు రెండు హామీలు కూడా ఇవ్వాలి. తొందరపెట్టబోమన్నది మొదటిది. చివరి కత్తిరింపు మీద మా పేరు గాని, మా ఊరి పరువు గాని అడ్డు రాదన్నది రెండవది.